ది సండేస్ 'బ్లైండ్' అమెరికా సీడీ కోసం వెతుకుతున్నాను, సాయం చేయగలరా?
అందరికీ నమస్కారం. ది సండేస్ అనే ఇంగ్లిష్ డ్రీమ్ పాప్ బృందాన్ని విన్నవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? హ్యారియట్ వీలర్ గొంతు, డేవిడ్ గావురిన్ గిటార్ విన్నప్పటినుంచి నాకు వేరే ఏదీ చెవికెక్కడం లేదు. బ్రిస్టల్ యూనివర్సిటీలో కలిసిన ఈ జంట బృందం చేసినవి మూడే ఆల్బమ్‌లు: 1990, 1992, 1997లో. మొదటిది బ్రిటన్ చార్టులో 4వ స్థానానికి చేరింది. తర్వాత వాళ్ళ రికార్డు కంపెనీ రఫ్ ట్రేడ్ కూలిపోతే పార్లోఫోన్ అనే మరో కంపెనీకి మారారు. మూడోది వచ్చాక పిల్లల పెంపకం కోసం ఆగిపోయారు. అంత మంచి గొంతు అలా మౌనంగా ఉండిపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

నా సమస్య రెండో ఆల్బమ్ 'బ్లైండ్'తో. రోలింగ్ స్టోన్స్ పాట 'వైల్డ్ హార్సెస్'ని వీళ్ళు పాడిన తీరు నాకు ప్రాణం. అది అమెరికా సీడీలో ఉంది, బ్రిటన్ సీడీలో లేదు. బ్రిటన్‌లో అది విడిగా, 'గుడ్‌బై' పాట సింగిల్‌తో పాటు వచ్చింది. ఆన్‌లైన్‌లో పాత సీడీ తెప్పిస్తే బ్రిటన్‌దే వచ్చింది.

కొనేముందు ఫొటోలో ఏం చూసి అది అమెరికాదని పోల్చుకోవాలి? అమెరికాలో ఉన్నవాళ్ళు ఎవరైనా మీ ఊరి పాత సీడీల షాపులో ఒకసారి చూసి చెప్పగలరా? సీడీ ఖర్చు, పోస్టు ఖర్చు ముందే పంపిస్తాను.