ఫుజి కొండ ఎక్కడం జపాన్ వాళ్లకి మొక్కా, ట్రెక్కింగా?

ఎంవీపీ కాలనీ నుంచి ప్రశ్న:
మా అబ్బాయిది టోక్యోలో ఉద్యోగం. ఆగస్టులో వస్తే ఫుజి ఎక్కిస్తానంటున్నాడు. సింహాచలం గిరి ప్రదక్షిణ చేసేదాన్నే, మోకాళ్లు ఇంకా నా మాట వింటున్నాయి. సందేహం వేరే. అగ్నిపర్వతాన్ని యునెస్కో 2013లో సాంస్కృతిక వారసత్వంగా ఎందుకు చేర్చింది? ప్రకృతి జాబితాలో కదా ఉండాలి?

గాజువాక:
అమ్మా, వాళ్లకది దేవత ఉండే కొండ. పేరు కోనోహనసకుయ హిమే, పూజలు సెంగెన్ గుళ్లలో. కొండ నిప్పులు కక్కకుండా శాంతింపజేయడానికే మొదట ఆ గుళ్లు కట్టారంటారు. ఎక్కే దారిలో ఎనిమిదో మజిలీ పైన చాలావరకు ఇప్పటికీ గుడి భూమే. 1872 దాకా ఆడవాళ్లని శిఖరానికి రానిచ్చేవారు కాదు. అందుకైనా మీరు ఎక్కాలి!

సీతమ్మధార:
బొమ్మల సంగతి వదిలేశారేం? చిత్రకారుడు హొకుసాయ్ ‘ఫుజి 36 దృశ్యాలు’ అని మొదలుపెట్టి 46 గీశాడు. అందరూ వాటిలో ఆ పెద్ద కెరటం బొమ్మ గురించే చెబుతారు. నాకు మాత్రం ఒకాయన పెద్ద పీపా చేస్తుంటే దాని గుండ్రంలోంచి చిన్నగా ఫుజి కనిపించే బొమ్మే ఇష్టం. కొండదాకా వెళ్లలేని ఎడో (అంటే అప్పటి టోక్యో) జనం ఊళ్లోనే చిన్న ఫుజి దిబ్బలు కట్టుకుని ఎక్కేవాళ్లు.

గాజువాక:
ఎత్తు 3,776 మీటర్లు. ఆగస్టులోనూ పైన గడ్డకట్టే చలి. వైజాగ్ ఉక్కలో స్వెటర్ కొనడం నవ్వొస్తుంది గానీ కొనండి. పేలుతుందని టెన్షన్ వద్దు, చివరిసారి పేలింది 1707లో.

ఎంవీపీ కాలనీ:
టికెట్ తీయమన్నాను. మావారు కింద కవాగుచి సరస్సు దగ్గరే కూర్చుంటారట.