అప్‌డేట్: హెడ్‌లైట్లు ఆరిపోయే సమస్య తీరింది, లోపం రిలేలో కాదు, సాకెట్‌లో

పాత కారులో హెడ్‌లైట్లు మసకబారి ఆరిపోతున్నాయని, రిలేలపై (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపి తెంపే స్విచ్‌లు) గుర్తులు చెరిగిపోవడంతో ఏది దేనిదో తెలియడం లేదని ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

ఒకరు స్విచ్ వేసి తీస్తుండగా మరొకరు రిలేలపై వేలు ఆనించి, ఏది టిక్కుమంటుందో చూడమన్న సలహాతో హెడ్‌లైట్ రిలే వెంటనే దొరికింది. పిన్నుల అమరిక ఒకటేనని నిర్ధారించుకుని హారన్ రిలేను దాని స్థానంలో పెట్టినా ఫలితం మారలేదు. 85, 86 పిన్నుల మధ్య కాయిల్ (రిలేను పనిచేయించే తీగచుట్ట) నిరోధం కూడా 80 ఓములతో సక్రమంగానే ఉంది.

అసలు లోపాన్ని ఎలక్ట్రీషియన్ పట్టుకున్నారు. లైట్లు వెలుగుతుండగా బ్యాటరీ ప్లస్‌కూ రిలేకు కరెంటు వచ్చే 30వ పిన్నుకూ మధ్య కొలిస్తే దాదాపు 2 వోల్టులు నష్టమవుతున్నాయి. లైట్లు ఆర్పి కొలిస్తే ఈ నష్టం అసలు కనిపించదు, ఎందుకంటే కరెంటు ప్రవహించనిదే వోల్టేజీ పడిపోదు. రిలే కూర్చునే సాకెట్‌లో ఆ పిన్నును పట్టుకునే క్లిప్పు వదులై, వేడికి నల్లబడి, దాని వైరు తొడుగు సైతం పెళుసెక్కింది. పాడైన వైరు ముక్కను కత్తిరించి కొత్త టెర్మినల్ బిగించాక నష్టం 0.2 వోల్టుల లోపుకు దిగింది.

చాలామంది అనుమానించిన ఆల్టర్నేటర్‌కు (బ్యాటరీని ఛార్జ్ చేసే భాగం), ఎర్త్ వైరుకు దీనితో సంబంధం లేదు.