బానీ క్యాషిన్ మోడల్ పొరల బట్టలు మన వైజాగ్‌లో కుదురుతాయా?

ఎంవీపీ_టైలరమ్మ:
ఇంటి దగ్గరే కుడతాను, ఎక్కువగా బ్లౌజులు, కుర్తీలు. ఒక కస్టమరమ్మాయి బానీ క్యాషిన్ అనే అమెరికన్ డిజైనర్ స్కెచ్‌లు ఫోన్‌లో తెచ్చింది. 1940ల్లో హాలీవుడ్ సినిమాలకు కాస్ట్యూమ్స్ చేసి, తర్వాత న్యూయార్క్‌లో ఆడవాళ్ల రోజువారీ బట్టలు డిజైన్ చేసినావిడ. బొమ్మలో లోపల సన్నటి టాప్, మీద చేతుల్లేని జాకెట్, ఆపైన వెడల్పాటి కోటు. ఏది కావాలంటే అది తీసేయొచ్చు. ఈ పిల్లకి అరకులో ఉద్యోగం, వారం వారం కిరండూల్ ప్యాసింజరెక్కి వెళ్తుంది. ఇక్కడ మధ్యాహ్నం ఉక్క, అక్కడ తెల్లారితే వణుకు. "ఆంటీ, రెండు చోట్లకీ ఒకే సెట్ సరిపోవాలి" అంటోంది. మూడు పొరలు ఒకదాని మీద ఒకటి వేస్తే చంకల దగ్గర పట్టేస్తుందని నా టెన్షన్. ఇదివరకు ఎక్కడో కుట్టించుకున్న సెట్‌తో బెర్తు మీద బ్యాగు కూడా పెట్టలేకపోయిందట. కటింగ్ ఎలా? బట్ట ఏది?

కత్తెర_పట్టిన_చెయ్యి:
అక్కా, ఆ బొమ్మల్లో రంగులొదిలేసి భుజాలు చూడండి. జపాన్ సంప్రదాయ నాటకం 'నో' పేరుతో ఆవిడ చేసిన కోటుకు కాలర్ ఉండదు, కోత తిన్నగా ఉంటుంది. కిమోనోలా వదులు చేతులు కాబట్టి కింద ఇంకోటి వేసుకున్నా ఇబ్బంది లేదు. మనమేమో కుర్తీ చంక కొలతే అన్నిటికీ పెట్టేస్తాం, అక్కడే ఇరుక్కుంటుంది. లోపలిది ఒంటికి సరిపడా కుట్టండి. మధ్యదానికి చంక ఓ ఇంచు దించండి. పైదానికి చెయ్యి విడిగా అతకొద్దు, బాడీతో కలిపే కట్ చేసి చంక కింద డైమండ్ ముక్క వేయండి. అప్పుడు చెయ్యి హాయిగా లేస్తుంది. లైనింగ్ వద్దే వద్దు. క్యాషిన్ కోట్ల అంచులకు తోలు పైపింగ్ ఉంటుంది, చూడ్డానికి భలే ఉంటుంది గానీ మన వానాకాలంలో బూజు పట్టేస్తుంది. అదే గుడ్డ క్రాస్‌లో కోసి పైపింగ్ వేసేయండి.

పూర్ణామార్కెట్_బాబాయ్:
బట్ట సంగతి నేను చెప్తానమ్మా. లోపలికి పొందూరు ఖాదీ తీసుకో. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, చేత్తో వడికే నూలు. చెమట పీల్చేస్తుంది, ఒంటికి అంటుకోదు. రేటు ఎక్కువే, కానీ చర్మానికి తగిలేది అదే కదా. మధ్యదానికి మంగళగిరి కాటన్ చాలు. పైదానికి మాత్రం ఉన్ని ఉండాల్సిందే, అరకు చలికి కాటన్ ఏం ఆగుతుంది? రెండు కాటన్‌లనూ ముందు నానబెట్టి ఆరేశాకే కత్తెర పెట్టు.

ఎంవీపీ_టైలరమ్మ:
థాంక్యూ బాబాయ్. చంక కింద ముక్క ముందు పాత దుప్పట్లో వేసి చూస్తాను. బటన్లా, జిప్పా? జేబులు ఎక్కడ?

బీచ్‌రోడ్_వాకర్:
మామూలు ఇనుప హుక్కులు, చీప్ జిప్పులు వద్దండి, మన ఉప్పుగాలికి తుప్పు పట్టి గుడ్డ మీద మరకలవుతాయి. క్యాషిన్‌కి ఇత్తడి అంటే ప్రాణం. 1960ల్లో కోచ్ కంపెనీ బ్యాగులకు ఆవిడ పెట్టిన తిప్పుడు గొళ్లెం, తన ఓపెన్‌టాప్ కారు పైకప్పు బిగించే గొళ్లెం చూసి చేసిందే. పొడుగు స్కర్టుకి కుక్క గొలుసు కొక్కెం లాంటిది పెట్టారు, మెట్లెక్కేటప్పుడు స్కర్టు ఎగలాగి నడుముకి తగిలించుకోవడానికి. మనం కుచ్చిళ్లు దోపుకున్నట్టే! ఇత్తడి రంగు మాసినా చింతపండుతో తోమితే మెరుస్తుంది. జేబుల విషయంలోనూ ఆవిడనే ఫాలో అవ్వండి. కొన్ని కోట్లకు జేబు మీదే మూత నొక్కే పర్సు కుట్టేశారు. టికెట్, చిల్లర అందులో. ఫోన్‌కి మాత్రం మధ్య జాకెట్ లోపలివైపు జేబు పెట్టండి, ఇక్కడికొచ్చాక కోటు తీసేసినా ఫోన్ ఒంటి మీదే ఉంటుంది.