థైరాక్సిన్ తగ్గితే టీఎస్‌హెచ్ ఎందుకు పెరుగుతుంది?

ప్రశ్న:
థైరాయిడ్ గ్రంథి మందగిస్తే రక్తంలో అది తయారుచేసే థైరాక్సిన్ హార్మోను తగ్గుతుందని చదివాను, కానీ పరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను ప్రేరేపించే హార్మోను) మాత్రం ఎక్కువగా కనిపిస్తుంది. ఒకటి తగ్గితే మరొకటి ఎందుకు పెరుగుతుందో దయచేసి వివరించగలరా?

జవాబు 1:
టీఎస్‌హెచ్‌ను తయారుచేసేది థైరాయిడ్ కాదు, మెదడు అడుగున బఠాణీ గింజంత ఉండే పీయూష గ్రంథి. దానికి పైనున్న హైపోథాలమస్ టీఆర్‌హెచ్ అనే హార్మోనును పంపినప్పుడు పీయూష గ్రంథి టీఎస్‌హెచ్‌ను రక్తంలోకి వదులుతుంది; అది మెడ ముందు భాగంలోని థైరాయిడ్‌ను చేరి, అయోడిన్‌ను గ్రహించి థైరాక్సిన్ తయారుచేసేలా ప్రేరేపిస్తుంది. రక్తంలో థైరాక్సిన్ తగినంత ఉంటే, అదే పైనున్న రెండింటినీ అదుపులో ఉంచుతుంది. థైరాయిడ్ దెబ్బతిని థైరాక్సిన్ తగ్గినప్పుడు ఆ అదుపు సడలి, టీఎస్‌హెచ్ పెరుగుతూ పోతుంది.

జవాబు 2:
దీనికి ఒక ముఖ్యమైన విషయం చేర్చాలి. లోపం పీయూష గ్రంథిలోనే ఉంటే, థైరాక్సిన్ తగ్గినా టీఎస్‌హెచ్ తగినంతగా పెరగదు. అటువంటి అనుమానం ఉన్నప్పుడు టీఎస్‌హెచ్ ఒక్కటే చూసి నిర్ణయానికి రావడం సరికాదని, ఫ్రీ టీ4 (రక్తంలో ప్రోటీన్లకు అంటుకోకుండా స్వేచ్ఛగా ఉన్న థైరాక్సిన్) కూడా తప్పక చూడాలని నా గట్టి అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. థైరాక్సిన్ మాత్ర మోతాదు మార్చాక మళ్లీ పరీక్షకు 6 వారాలైనా ఆగమంటారు, కారణమేమిటి?

జవాబు 1:
రక్తంలోని థైరాక్సిన్ సగానికి తగ్గడానికే దాదాపు 7 రోజులు పడుతుంది కాబట్టి, కొత్త మోతాదుకు దాని స్థాయి స్థిరపడి, పీయూష గ్రంథి అందుకు తగ్గట్టు సర్దుకోవడానికి కొన్ని వారాలు కావాలి. అంతకుముందే చేయించిన టీఎస్‌హెచ్ పరీక్ష తప్పుదారి పట్టించవచ్చు. అడ్రినలిన్ వంటి హార్మోను అయితే కొద్ది నిమిషాల్లోనే రక్తం నుంచి తొలగిపోతుంది.