‘ఒరెస్టెయా’లో ఒప్పించడం, చంపడం

ప్రశ్న (కావలి నుంచి):
మా కళాశాల నాటక బృందం కోసం ప్రాచీన గ్రీకు నాటకకర్త ఇస్కిలస్ రాసిన ‘ఒరెస్టెయా’ చదువుతున్నాను. క్రీ.పూ. 458లో ఏథెన్స్‌లో ప్రదర్శించిన ఈ మూడు నాటకాలలో పగకు పగ అనే వరుసను చివరికి న్యాయస్థానం ఆపుతుంది కాబట్టి, మాట కత్తిని గెలిచిందని సాధారణంగా అంటారు. కానీ మొదటి నాటకంలో రాజు అగమెమ్నాన్‌ను చావు దగ్గరికి నడిపించినది అతని భార్య క్లైటెమ్నెస్ట్రా మాట నేర్పే కదా? తెలిసినవారు వివరించగలరు.

సమాధానం (నెల్లూరు నుంచి):
ఒప్పించడం హింసకు విరోధి అని మొదటి నాటకం ఎక్కడా చెప్పదు. అందులోని వృద్ధుల బృందమే ఒప్పించే దేవత పైతోను వినాశానికి పుట్టిన బిడ్డగా, మనిషిని బలవంతాన లాక్కుపోయేదిగా పాడుతుంది. ఎర్రని వస్త్రాల ఘట్టాన్ని నిదానంగా చదవండి. ట్రాయ్ గెలిచి వచ్చిన రాజు, రాణి తన దారిలో పరిపించిన, దేవతలకు తగిన ఆ వస్త్రాలను తొక్కనని మొదట గట్టిగానే అంటాడు. ఆమె వాదానికి దిగకుండా, ఓడిన ట్రాయ్ రాజు ప్రియామ్ గెలిచి ఉంటే ఏం చేసేవాడని అడిగి, తొక్కేవాడేనని అతని నోటనే పలికించి, జనం మాటకు జంకవద్దని, గెలిచినవాడు ఒకసారి తగ్గినా శోభేనని అంటుంది. అంతే, అతను చెప్పులు విప్పించుకుని లోపలికి నడుస్తాడు. (దేవతల దిష్టి తగలకూడదని చెప్పులు విప్పడం చదివినప్పుడల్లా నాకు నవ్వూ భయమూ కలుగుతాయి.) స్నానం వేళ అతణ్ణి చుట్టేసిన వలవంటి వస్త్రమూ, మూడు దెబ్బలూ ఆ సంభాషణకు కొనసాగింపే. ట్రాయ్ నుంచి రాజు బందీగా తెచ్చిన, జరగబోయేది ముందే తెలిసిన కసాండ్రా దగ్గర మాత్రం రాణి పాచిక పారలేదు. కసాండ్రా మౌనంగా ఉండిపోయి, ఆ తరువాత తన చావు తెలిసే లోపలికి వెళుతుంది.

సమాధానం (ఒంగోలు నుంచి):
మూడో నాటకాన్ని కూడా చూడాలి. తండ్రి హత్యకు పగగా తల్లి క్లైటెమ్నెస్ట్రాను చంపిన ఒరెస్టెస్, న్యాయస్థానంలో ఓట్లు సమానమై విడుదలయ్యాక, నేలను గొడ్డుపోయేటట్లు చేస్తామన్న ప్రతీకార దేవతలను ఏథెన్స్ నగర దేవత ఎథీనా ఓపికగా బుజ్జగిస్తూనే, దేవతల రాజైన జ్యూస్ పిడుగు ఉన్న గది తాళంచెవులు దేవతలలో తనకొక్కతెకే తెలుసునని, ఇప్పుడు వాటి అవసరం లేదని అంటుంది. మీ నెల్లూరి తిక్కన ఉద్యోగపర్వంలో సంధికి వచ్చిన కృష్ణుణ్ణి బంధించబోతే విశ్వరూపమే చూపవలసి వచ్చింది. ఎథీనాకు పిడుగు ప్రస్తావన చాలింది, ఎందుకంటే ఆమె వారికి నివాసమూ పూజలూ నిజంగానే ఇచ్చింది. క్లైటెమ్నెస్ట్రా మాత్రం, అంతకుముందు సమయానికి తగినట్లు మాట్లాడానని హత్య తరువాత సిగ్గు లేకుండా తానే చెబుతుంది.

ప్రశ్న వేసినవారు:
అయితే పిడుగు మాటను మా నటి గట్టిగా పలకాలా?

ఒంగోలు నుంచి:
వద్దండి. బుజ్జగింపు గొంతు మార్చకుండా, మధ్యలో గుర్తొచ్చినట్లుగా పలికించండి.