అడల్ట్ కేర్ అప్రెంటిస్‌షిప్: పిల్లకి చదువా, కంపెనీకి చవక కూలీనా?

మిల్టన్ కీన్స్ అమ్మ:
అందరికీ నమస్కారం, మేం ఇంగ్లండ్‌లో ఉంటాం. సూటిగా అడుగుతున్నాను, మీరూ సూటిగానే చెప్పండి. మా అమ్మాయికి పద్దెనిమిది నిండాయి, ఎ లెవెల్స్ (మన ఇంటర్ లాంటివి) అయ్యాయి, గ్రేడ్లు అంతంతమాత్రం, యూనివర్సిటీకి ఇప్పుడే వెళ్ళనంటోంది. దగ్గర్లో ఒక కేర్ హోమ్ (పెద్దవాళ్ళని ఉంచి చూసుకునే చోటు) వాళ్ళు లెవెల్ 2 అడల్ట్ కేర్ వర్కర్ అప్రెంటిస్‌గా తీసుకుంటామన్నారు, అంటే జీతం తీసుకుంటూ పని నేర్చుకోవడం. ఏడాది పైచిలుకు, వారానికి 37 గంటలు, గంటకి 8 పౌండ్లు. అమ్మాయికి తెగ నచ్చేసింది. వాళ్ళ నాన్న మాత్రం మొహం మాడ్చుకుని కూర్చున్నారు, "ఆయా పని చేయించడానికా ఇంత దూరం తెచ్చి పెంచాం" అని ఒకటే పాట. ఐఎల్ఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) ఉంది కాబట్టి వీసా గొడవ లేదు. నాకు ఆ పని మీద చిన్నచూపేం లేదు గానీ, ఇది నిజంగా చదువేనా, లేక పిల్లని తక్కువ జీతానికి వాడుకోవడమా?

రాత్రి డ్యూటీ:
వాడుకోవడమే. లెక్క చూడండక్కా. 2026 ఏప్రిల్ నుంచి అప్రెంటిస్ కనీస రేటు గంటకి 8 పౌండ్లు. అంటే వాళ్ళు మీకిచ్చింది చట్టం ఒప్పుకునే అడుగు రేటు, ఒక్క పెన్నీ కూడా ఎక్కువ కాదు. అదే పిల్ల అదే హోమ్‌లో మామూలు కేర్ అసిస్టెంట్‌గా చేరితే 18 నుంచి 20 ఏళ్ళ వాళ్ళకి కనీసం 10.85 ఇచ్చి తీరాలి. గంటకి 2.85 తేడా, వారానికి 105 పౌండ్లు దాటుతుంది, ఏడాదికి దాదాపు అయిదున్నర వేలు. పైగా 16–18 వయసు అప్రెంటిస్‌ని పెట్టుకుంటే గవర్నమెంటు 1000 పౌండ్లు ఇస్తుంది. 25 లోపు అప్రెంటిస్ మీద ఎంప్లాయర్ నేషనల్ ఇన్సూరెన్స్ (జీతాల మీద కంపెనీ కట్టే పన్నులాంటిది) మామూలు జీతాల వరకు కట్టక్కర్లేదు. చిన్న కంపెనీ అయితే ఈ వయసు వాళ్ళ శిక్షణ ఖర్చు మొత్తం సర్కారుదే. ఇన్ని లాభాలు అటుపక్కే ఉంటే ఇటు పిల్లకి ఏం మిగిలింది? నేను కేర్ హోమ్‌లో నైట్స్ చేస్తాను, అప్రెంటిస్ అని తీసుకొచ్చిన పిల్లలు నాలుగో వారానికే ఫుల్ షిఫ్ట్ లాగుతుంటే చూస్తున్నాను.

పాత నర్సమ్మ:
లెక్క బాగానే చెప్పావు తమ్ముడూ, కానీ లెక్క ఏడాదితో ఆపేశావు. నేను విజయవాడలో నర్సింగ్ చేసి ఇక్కడికొచ్చి ఇన్నేళ్ళుగా వార్డులోనే ఉన్నాను. ఈ దేశంలో కేర్ వైపు నుంచి పైకి ఎక్కడానికి మెట్లున్నాయి. లెవెల్ 2 తర్వాత లెవెల్ 3 లీడ్ అడల్ట్ కేర్ వర్కర్, ఆ తర్వాత నర్సింగ్ అసోసియేట్ (నర్సుకి ఒక మెట్టు కింద) అప్రెంటిస్‌షిప్ ఉంది, రెండేళ్ళు, అది పూర్తయితే ఎన్ఎంసీ (నర్సుల్ని నమోదు చేసే సంస్థ) రిజిస్టర్లో పేరు ఎక్కుతుంది (2019 జనవరి నుంచి ఎక్కిస్తున్నారు). అక్కడి నుంచి డిగ్రీ అప్రెంటిస్‌షిప్‌తో ఫుల్ నర్స్ కూడా అవ్వచ్చు. ఇవన్నీ జీతం తీసుకుంటూనే, ఫీజు అప్పు లేకుండా. అదే నేరుగా యూనివర్సిటీలో నర్సింగ్ అంటే ఫీజు ఒక్కటే ఏడాదికి తొమ్మిదిన్నర వేల పౌండ్ల పైన. నర్సింగ్ పిల్లలకి ఏడాదికి 5000 గ్రాంట్ ఇస్తారు, నిజమే, అయినా అప్పు అప్పే.

ఇక అన్నగారికి చెప్పండమ్మా, ఆయా పని అంటే తప్పు పని కాదు. మన ఊళ్ళో మా అమ్మకి పక్షవాతం వచ్చినప్పుడు ఏజెన్సీ పంపిన అమ్మాయికి మనిషిని పక్కకి తిప్పడం రాదు, చంకల్లో చేతులేసి లాగేది. నేర్పినవాళ్ళు లేరు పాపం, తిట్టి ఏం లాభం. అది నేర్పే చదువుని చిన్నచూపు చూడటం ఏంటి?

రాత్రి డ్యూటీ:
నర్సమ్మగారూ, మెట్లు లేవని నేనన్లేదు. మొదటి మెట్టుకి అయిదున్నర వేలు ఎందుకు కట్టాలంటున్నాను. మామూలు ఉద్యోగిగా చేరినా కేర్ సర్టిఫికెట్ (కొత్తవాళ్ళకిచ్చే మొదటి శిక్షణ) సాధారణంగా చేయిస్తారు. 2024లో లెవెల్ 2 అడల్ట్ సోషల్ కేర్ సర్టిఫికెట్ అని అసలైన క్వాలిఫికేషన్ కూడా తెచ్చారు, దాని ఖర్చు కంపెనీకి వెనక్కిచ్చే స్కీము కూడా పెట్టారు. అంటే పూర్తి జీతంతోనే చదువుకోవచ్చు. మరి అప్రెంటిస్ అనే ముద్ర ఎందుకు?

ట్రైనింగ్ సార్:
నేను ఈ కోర్సులకే అసెస్సర్‌ని, కాబట్టి నా మాటలో కొంచెం పక్షపాతం ఉంటుందనుకునే చదవండి.

కేర్ సర్టిఫికెట్ గురించి ముందు. 2013లో కావెండిష్ రివ్యూ, అంటే మిడ్ స్టాఫర్డ్‌షైర్ ఆసుపత్రిలో రోగుల్ని పట్టించుకోని ఘోరాల మీద విచారణ తర్వాత వచ్చిన నివేదిక, కేర్ వాళ్ళకి శిక్షణ ఒక్కోచోట ఒక్కోలా ఉందని తేల్చింది. దాంతో 2015 ఏప్రిల్లో 15 స్టాండర్డ్స్‌తో కేర్ సర్టిఫికెట్ పెట్టారు. 2025లో లెర్నింగ్ డిజబిలిటీ, ఆటిజం అవగాహన కలిపి 16 చేశారు. చిక్కేంటంటే అది పరీక్ష రాసి తెచ్చుకునే డిగ్రీలాంటిది కాదు, కొత్త కంపెనీకి వెళ్తే "మళ్ళీ మొదట్నుంచి చెయ్యి" అంటారు. అప్రెంటిస్‌షిప్ అలా కాదు, చివర్లో బయటి సంస్థ అసెస్‌మెంట్ చేస్తుంది, ఆ కాగితం ఎక్కడికెళ్ళినా చెల్లుతుంది.

రెండోది అసలు విషయం. అప్రెంటిస్‌కి ఆఫ్-ద-జాబ్ గంటలని ఉంటాయి, పని కాకుండా కేవలం నేర్చుకోవడానికి. అవి జీతమిచ్చే గంటల్లోనే ఇవ్వాలి, ఇంటికెళ్ళాక రాత్రి పదింటికి మాడ్యూల్స్ చెయ్యి అనకూడదు. ఇవ్వకపోతే అది అప్రెంటిస్‌షిప్పే కాదు. మామూలు ఉద్యోగికి ఆ హక్కు లేదు, రాత్రి డ్యూటీ గారూ. మీరు చెప్పిన 2.85కి బదులు దొరకాల్సింది ఇదే.

రాత్రి డ్యూటీ:
దొరకాల్సింది, అన్నారు. దొరుకుతుంది అనలేదు, గమనించారా.

లెస్టర్ కుర్రాడు:
నేను పోయినేడాదే పూర్తి చేశాను, కాబట్టి నా సంగతి చెప్తా. మా దగ్గర బుధవారం మధ్యాహ్నం రోటాలో (డ్యూటీ పట్టికలో) 'స్టడీ' అని రాసి ఉండేది, ఎవరైనా సిక్ కొడితే మాత్రం మొదట కోతపడేది దానికే. మా మేనేజర్ ఆ గంటలు తర్వాతి వారం వెనక్కిచ్చేది. మా ఫ్రెండ్ వేరే కంపెనీలో చేశాడు, వాడికి ఒక్క గంట కూడా రాలేదు, బస్సులో ఫోన్లో పోర్ట్‌ఫోలియో నింపేవాడు. కోర్సు ఒకటే, కాలేజీ ఒకటే.

పని ఎలా ఉంటుందంటే, మొదటి నెల నన్ను హాయిస్ట్ (మనిషిని పైకెత్తే యంత్రం) ముట్టనివ్వలేదు. నిలబడి చూడాలంతే. తర్వాత నన్నే దానికి తగిలించే గుడ్డ ఊయల స్లింగ్‌లో కూర్చోబెట్టి పైకి లేపారు. గాల్లో వేలాడుతుంటే కాళ్ళు వణికిపోయాయి, ఎనభై ఏళ్ళావిడకి రోజుకి నాలుగుసార్లు ఇదే జరుగుతోందని అప్పుడు బుర్రకెక్కింది. ఇప్పటికీ స్లింగ్ తీసుకోగానే ముందు సైజు చూస్తా, కుట్లు ఊడాయేమో చూస్తా, రెండు పక్కలా ఒకే రంగు లూపులు తగిలించామా అని చూస్తా, రెండో మనిషి రాకుండా బటన్ నొక్కను. స్ట్రోక్ వచ్చినాయనకి మంచినీళ్ళల్లో చిక్కదనం పొడి ఎంత కలపాలో కూడా అంతే, పలచగా ఇస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇదంతా పుస్తకం చదివితే రాదండి, షిఫ్టులో పరిగెడుతుంటే కూడా రాదు. ఎవరో ఒకరు మన పక్కన నిలబడాలి, నిలబడే టైమ్ వాళ్ళకి ఇవ్వాలి.

జీతం తక్కువ, అబద్ధం చెప్పను. ఇంట్లో ఉన్నాను కాబట్టి గడిచింది.

మిల్టన్ కీన్స్ అమ్మ:
బాబూ, అడగొచ్చో లేదో గానీ, మగవాళ్ళకి స్నానాలూ అవీ కూడా చేయించాలా? మా ఆయన అసలు బాధ అదే, బయటికి చెప్పరు.

పాత నర్సమ్మ:
చేయించాలమ్మా. అందులో దాపరికం ఎందుకు? కానీ ఎలా చేయించాలో నేర్పుతారు, తువ్వాలు కప్పి ఒక్కో భాగమే తుడవడం, తలుపు తట్టి లోపలికెళ్ళడం, ఆయన చెయ్యగలిగింది ఆయన్నే చెయ్యనివ్వడం. రెసిడెంట్ కూడా నాకు ఆడమనిషి వద్దు, మగమనిషే కావాలి అనొచ్చు. పిల్ల కూడా ఎవరి దగ్గరైనా ఇబ్బంది అనిపిస్తే ఆ రోజే సీనియర్‌కి చెప్పాలి, దాన్ని తేలిగ్గా తీసిపారేసే హోమ్ అయితే అక్కడ ఒక్క రోజు కూడా ఉంచకండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న పెద్దాయన స్నానం వద్దంటే మనమైతే "రా తాతా" అని లాక్కుపోతాం, ప్రేమతోనే. ఇక్కడ 2005 మెంటల్ కెపాసిటీ చట్టం ప్రకారం ప్రతి పెద్దమనిషికీ నిర్ణయించుకునే శక్తి ఉందనే మొదలుపెట్టాలి, మనకి నచ్చని నిర్ణయం తీసుకున్నంత మాత్రాన శక్తి లేదనుకోకూడదు. మా వార్డుకి వచ్చిన ఒక అప్రెంటిస్ పిల్ల, పంతొమ్మిదేళ్ళుంటాయేమో, అలాంటాయన దగ్గరికి రెండు చొక్కాలు పట్టుకెళ్ళి ఏది వేసుకుంటారని అడిగింది. నీలంది అన్నాడు. అయితే ముందు మొహం కడుక్కుందామా అంది. పావుగంటలో పనైపోయింది. మేం ఇద్దరం సీనియర్లం అరగంట నుంచి బతిమాలుతున్నాం అక్కడ.

గుంటూరు నుంచి:
అన్నా, అక్కా, మాది గుంటూరు. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) అయింది. ఈ అప్రెంటిస్‌షిప్ మీద యూకే రావచ్చని ఒక కన్సల్టెన్సీ వాళ్ళు చెప్తున్నారు, ఎనిమిది లక్షలు అడిగారు. నిజమేనా?

రాత్రి డ్యూటీ:
ఒక్క రూపాయి కూడా కట్టకు. బయటి దేశాల నుంచి కేర్ వర్కర్లని తెచ్చుకోవడం 2025 జూలై 22 నుంచి ఆపేశారు. 2022 ఫిబ్రవరిలో తలుపు తీశారు, 2024 మార్చిలో భార్యాపిల్లల్ని తీసుకురాకుండా ఆపారు, ఇప్పుడు మొత్తానికే మూసేశారు. అప్రెంటిస్‌షిప్‌కి సర్కారు డబ్బు రావాలంటే ఇక్కడ ఇప్పటికే మూడేళ్ళుగా నివాసం ఉండాలి. నువ్వు నర్స్‌వి కాబట్టి ఎన్ఎంసీ పరీక్షల దారి వేరే ఉంది, దానికి ఏజెంట్ అక్కర్లేదు. స్పాన్సర్‌షిప్ కోసం లక్షలు కట్టి, ఇక్కడికొచ్చాక షిఫ్టులే లేక రూములో నలుగురు పడుకున్నవాళ్ళని చూశాను నేను. అందుకే ఈ సెక్టార్‌లో 'శిక్షణ' అనే మాట వినగానే నాకు మండుతుంది, ఏమనుకోకండి.

ట్రైనింగ్ సార్:
ఆ కోపం న్యాయమే. కానీ ఈ అమ్మాయి పరిస్థితి వేరు, ఆమెకి వీసా మెడ మీద లేదు, నచ్చకపోతే వచ్చే వారమే మానేయొచ్చు. అదే పెద్ద బలం.

మేడమ్, ఇంటర్వ్యూలో ఇవి అడగమనండి. పోయిన వారం రోటా చూపించమనండి, అందులో అప్రెంటిస్‌కి స్టడీ గంటలు ఉన్నాయా, లేవా. ఇంతకుముందు తీసుకున్నవాళ్ళలో ఎందరు చివరి అసెస్‌మెంట్ దాకా వచ్చారు. మొదటి నెలల్లో తను లెక్కలోకి రాని అదనపు మనిషా, లేక స్టాఫ్ నంబర్లలో ఒకరా. సీక్యూసీ (కేర్ హోమ్‌లని తనిఖీ చేసే సంస్థ) రిపోర్ట్ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది, స్టాఫింగ్ గురించి ఏం రాశారో ఇంట్లో కూర్చుని చదవండి. 2025 ఆగస్టు నుంచి కనీస వ్యవధి ఎనిమిది నెలలకి తగ్గించారు, కాబట్టి త్వరగా ముగించేద్దాం అంటే ఏ శిక్షణ తగ్గిస్తారని కూడా అడగండి.

రాత్రి డ్యూటీ:
ఒకటి మర్చిపోయారు సార్. 8 పౌండ్లు కనీసమే గానీ, అంతకి మించి ఇవ్వకూడదని ఎవరూ చెప్పలేదు. 10.85 ఇస్తూ అప్రెంటిస్‌గానే పెట్టుకోండి అని అడగొచ్చు, అలా ఇచ్చే కంపెనీలున్నాయి. అలా ఇస్తే నాకూ అభ్యంతరం లేదు. ఇవ్వకపోతే నా మాట అదే, మామూలు ఉద్యోగానికి అప్లై చెయ్యమనండి.

లెస్టర్ కుర్రాడు:
ఇది కరెక్ట్. మా దగ్గర మూడు నెలల తర్వాత అడిగితే గంటకి పెంచారు. అడగనివాళ్ళకి పెంచలేదు.

మిల్టన్ కీన్స్ అమ్మ:
ఇంటర్వ్యూ గురువారం. రోటా సంగతి, జీతం సంగతి రెండూ దానికి చెప్పాను, "అమ్మా, మొదటి ఇంటర్వ్యూలోనే జీతం అడిగితే బాగోదు" అంటోంది. వాళ్ళ నాన్న పక్క గదిలోంచి "ఎందుకు బాగోదు, అడగమను" అన్నారు.