అప్‌డేట్: బెంగళూరు మల్లేశ్వరం పాత ఇంట్లో ఎర్ర నీళ్లు, సన్నటి ధార – కారణం తేలింది

పొద్దున్నే కుళాయి తిప్పితే తుప్పు నీళ్లు, మేడ మీద బాత్రూంలో సన్నటి ధార అని ఇక్కడ అడిగాను కదా. పని పూర్తయింది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

"ట్యాంకు దగ్గర ఒక బకెట్, బాత్రూంలో ఒక బకెట్ పట్టి చూడండి" అన్న సలహాతోనే విషయం తేలిపోయింది. ట్యాంకు నీళ్లు తేటగా ఉన్నాయి, బాత్రూంలోవి ఎర్రగా. అంటే తప్పు నీళ్లది కాదు, మధ్యలో పైపుది. ఎరుపు కావేరి నీళ్ల వల్లా, బోరు నీళ్ల వల్లా అన్న చర్చంతా పక్కకు పోయింది. గోడ కొట్టి చూస్తే అరంగుళం జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపు లోపలంతా తుప్పు పేరుకుని పెన్సిల్ దూరేంత సందు మిగిలింది. జింకు పూత ఎప్పుడో పోయింది. ఇత్తడి వాల్వు నేరుగా బిగించిన చోట మరీ ఘోరం. ఇత్తడి, ఇనుము తడిలో కలిస్తే ఇనుమే ముందు తుప్పు పట్టి పోతుందట. ధార పెరగాలని ప్రెషర్ పంపు పెట్టి ఉంటే ఆ జాయింట్లే ముందు పగిలేవి.

పాత లైను గోడలోనే వదిలేసి సీపీవీసీ (వేడి నీళ్లకు తట్టుకునే ప్లాస్టిక్ పైపు) వేయించాం. గీజర్ లైనుకి మామూలు పీవీసీ పనికిరాదు, ఎవరు చవకని చెప్పినా వినకండి. టైల్స్ వేసే ముందు ప్రెషర్ టెస్ట్ చేయించండి. మాకు ఒక ఎల్బో (పైపు మలుపు దగ్గరి జాయింటు) కారుతున్నట్టు అప్పుడే బయటపడింది.

ఇక్కడ ఎవరూ చెప్పనిది ఒకటి: కొన్ని పాత ఇళ్లలో ఎర్తింగ్‌ని ఇనుప నీళ్ల పైపుకే కలిపేస్తారు. ప్లాస్టిక్‌లో కరెంటు పారదు కాబట్టి, ఆ పైపు వేయగానే ఎర్తింగ్ తెగిపోతుంది. మా ఇంట్లోనూ అంతే. ఎలక్ట్రీషియన్ విడిగా ఎర్త్ వైరు లాగాకే గీజర్ వేశాం.